కుష్ఠువ్యాధి: రోగనిరోధకశక్తి సన్నగిల్లినవారియందలి అసాధారణ రూపములు

రోగి శరీరముయొక్క ప్రతిఘటనను బట్టి రూపము మార్చుకొను వ్యాధులలో కుష్ఠువు ముఖ్యమైనది. సుశ్రుతసంహిత తువరక తైలమును దీనికి ఔషధముగా విధించిన నాటినుండి 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ కారకక్రిమిని కనుగొనువరకు గడచిన శతాబ్దములలో రూపభేదములు గుర్తింపబడెనేగాని హేతువు తెలియలేదు.

తెలుగుదేశమున ఈ వ్యాధిని శ్రద్ధగా పరిశీలించుటకు తావిచ్చినవి మిషనరీల ఆశ్రయములు. గౌతమీతీరమందలి కపిలేశ్వరపురమునకు చేరువనున్న రామచంద్రపురమున కెనడా బాప్టిస్టు మిషన్‌వారు కుష్ఠురోగులకు ఆశ్రయము నడపిరి. నిజామాబాదు సమీపమున డిచ్‌పల్లియందు 1915లో ఇసబెల్ కెర్ నెలకొల్పిన వైద్యశాల, రోగిని వెలివేయుట గాక చికిత్స చేయుటయే కర్తవ్యమను శ్లాఘనీయ మార్గమును బట్టి, తువరకజాతి గింజల తైలమునే సూదిమందుగా వాడెను.

1966లో రిడ్లీ, జాప్లింగ్ అను పండితులు రోగనిరోధకశక్తి తారతమ్యమును బట్టి వ్యాధిని ఐదు తరగతులుగా విభజించిరి. అందుచేత ఆ శక్తిని హరించు ఎయిడ్స్ వ్యాపించినపుడు, క్షయవలె కుష్ఠువుకూడ విజృంభించునని వైద్యులు భయపడిరి; కాని అట్లు జరుగలేదు. వింత మరొకచోట వెలువడెను. 2003లో తొలిసారి వర్ణింపబడినట్లు, హెచ్.ఐ.వి. మందులచే శరీరబలము తిరిగి పుంజుకొనుచుండగా, అంతవరకు అణగియున్న మచ్చలు ఎఱ్ఱనై ఉబ్బును. మోచేతివద్ద నరము లావెక్కి నొప్పిపెట్టును. అనగా శక్తి క్షీణించుటకంటె కోలుకొనుటయే వ్యాధిని బయటపెట్టుచున్నది.

కీళ్లవాతము, సోరియాసిస్ మొదలగువానికి వాడు నిరోధకశక్తిని తగ్గించు మందులు వచ్చిన పిమ్మట ఈ ప్రకరణము విస్తరించినది. వానిలో ఒకటైన మెథోట్రెక్సేట్, భీమవరమున జన్మించి రాజమహేంద్రవరమున చదివిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వమున అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలయందు వెలువడినదగుట తెలుగువారికి ఆసక్తికరము. 2006లో అమెరికానుండి ప్రకటితమైన ఇద్దరు రోగుల వృత్తాంతమున, అట్టి మందులలో మరొకటైన ఇన్‌ఫ్లిక్సిమాబ్ వాడుచుండగా కుష్ఠువు బయటపడి, దానిని ఆపినపిదప ఉద్రేకప్రతిక్రియలు కలిగెను. ఇట్టివారియందు స్పర్శ కోల్పోని నునుపైన బొడిపెలు, చర్మవ్రణములు కనిపించి, సామాన్యమైన తిమ్మిరిమచ్చలకై వెదకు వైద్యుని ఏమార్చును. చెవితమ్మెనుండి చిన్నగాటు పెట్టి తీసిన ద్రవమును సూక్ష్మదర్శినిక్రింద చూచుట నేటికిని ప్రధానమైన పరీక్ష.

చికిత్స సామాన్యరోగులకువలెనే 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన బహుళౌషధ విధానము. అయితే మూత్రపిండము మార్పిడి చేయించుకొన్నవారియందు, అందలి రిఫాంపిసిన్ కొత్త అవయవమును కాపాడు టాక్రోలిమస్ పరిమాణమును రక్తమున తగ్గించును గావున, రెండవదాని మోతాదును తరచు సరిచూడవలసియుండును.