పాట ఎవరికోసం? – 1970ల నాటి కొన్ని క్రైస్తవ ఆల్బములు

తెలుగు పండితుడికి అమెరికా పాటలతో ఏమి పని అని మిత్రులు కొందరు అడగవచ్చు. ప్రశ్న సమంజసమే. నా ఉద్యోగ జీవితంలో అధిక భాగం గడిచినది ఒక మిషను ఉన్నత పాఠశాలలో. నేను క్రైస్తవుణ్ణి కాను. కాని అక్కడ ఉదయ ప్రార్థనకు వాడే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తొలిసారి చేతికి వచ్చినప్పుడు, కీర్తనల నెత్తిన రాగమూ తాళమూ అచ్చువేసి ఉండడం చూసి ముచ్చటపడ్డాను. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి వారు కొత్త దైవాన్ని పాత రాగాలలోనే కొలిచారు. నాటి నుండి నాకొక కుతూహలం. ఇతర దేశాలలో ఈ మతం వారు తమ పాటకు బాణీ ఎక్కడి నుండి తెచ్చుకున్నారు? తెచ్చుకుని ఎవరికోసం పాడారు – దేవుడికా, కూడిన సంఘానికా, రికార్డు కొనేవాడికా?

1970వ దశకంలో అమెరికన్లు వెలువరించిన ఆల్బములలో ఈ ప్రశ్నకు దొరికినన్ని సమాధానాలు నాకు మరెక్కడా దొరకలేదు. అవి ఒకదానితో ఒకటి పొసగవు కూడా.

అన్నిటికన్న ముందు చెప్పవలసినది అరీతా ఫ్రాంక్లిన్ 'అమేజింగ్ గ్రేస్'. 1972 జనవరి 13, 14 తేదీలలో, రెండు రాత్రులు, లాస్ ఏంజెలెస్ నగరంలోని న్యూ టెంపుల్ మిషనరీ బాప్టిస్టు చర్చిలో ప్రజల ఎదుట పాడుతూ ఉండగా రికార్డు చేసిన రెండు ఎల్పీల సంపుటి అది. ఆ చర్చి భవనం పూర్వాశ్రమంలో ఒక సినిమా హాలు. అరీతాకు అప్పటికి ఇరవై తొమ్మిదేళ్ళు. తండ్రి సి. ఎల్. ఫ్రాంక్లిన్ డెట్రాయిటులో పేరుమోసిన బోధకుడు. ఆయన ప్రసంగాలే గ్రామఫోను రికార్డులుగా అమ్ముడుపోయేవి. ఆయన చర్చిలో పాడుతూ పెరిగిన పిల్ల, పద్ధెనిమిదేళ్ళ ప్రాయంలో లౌకిక సంగీతంలోకి వెళ్ళి, 1967లో 'రెస్పెక్ట్' పాటతో దేశమంతటా మారుమోగింది. అలా వెళ్ళిన వారిని చర్చి పెద్దలు దారి తప్పినవారిగా చూడడం ఆ సమాజంలో పాత అలవాటు. దేవదాసీ గానానికీ భజన గోష్ఠికీ మధ్య మనవారు గీసిన గీత వంటిదే అక్కడా ఒకటి ఉండేది. రెండవ రాత్రి తండ్రి లేచి, తన కుమార్తె చర్చిని ఎన్నడూ విడిచిపోలేదని సభాముఖంగా చెప్పాడు. ఆ మాట ఆల్బములో వినవచ్చు.

ఆల్బముకు పేరిచ్చిన పాట కథ కొంత విస్తరించి చెప్పుకోదగినది. దానిని రాసిన జాన్ న్యూటన్ ఆంగ్లేయుడు, ఆఫ్రికా బానిసలను తరలించే ఓడలకు కెప్టెనుగా పనిచేసినవాడు. 1748లో సముద్రంలో తుఫాను చుట్టుముట్టినప్పుడు దేవుణ్ణి పిలిచాడనీ, అక్కడే మనసు మారిందనీ అందరూ చెప్తారు. అంతటితో ఆపేస్తారు. ఆ తుఫాను తరువాత కూడ ఆయన మరి కొన్నేళ్ళు బానిస ఓడలు నడిపాడు. 1754లో గాని సముద్రం మానలేదు. ఓల్నీ అనే పల్లెలో మతాచార్యుడై, 1773 నూతన సంవత్సర దినపు ఆరాధన కోసం ఈ గీతం రాశాడు. బానిస వ్యాపారాన్ని బహిరంగంగా ఖండిస్తూ పుస్తకం ప్రకటించినది 1788లో. అంటే పశ్చాత్తాపం సంపూర్ణం కావడానికి నలభై ఏళ్ళు పట్టింది. నాకు ఈ నలభై ఏళ్ళ ఆలస్యం తెలిసిన తరువాతనే ఆ పాట మీద గౌరవం పెరిగింది.

ఇందులోని 'గ్రేస్' అన్న మాటకు తెలుగు బైబిలు వారు 'కృప' అన్నారు. దయ అనలేదు, అనుగ్రహం అనలేదు. మంచి ఎంపిక. శ్రీవైష్ణవులలో తెంగలై వారు నిర్హేతుక కృప అంటారు. పిల్లి తన కూనను తానే నోట కరచుకుని పోయినట్లు, జీవుడి యోగ్యతతో నిమిత్తం లేకుండా భగవంతుడే రక్షిస్తాడని వారి మతం. వడగలై వారు కోతిపిల్ల తల్లిని తానే పట్టుకోవాలి కదా అంటారు. న్యూటన్ నిస్సంశయంగా పిల్లి పక్షం. బానిసలను అమ్మినవాడు ఏ యోగ్యత చూపి రక్షణ అడుగుతాడు?

ఈ పాటకు ఈనాడు లోకమంతా ఎరిగిన బాణీ న్యూటన్ ఎరిగినది కాదు. ఆయన పోయిన చాలాకాలానికి, 1835లో, అమెరికాలో విలియం వాకర్ తన పాటల పుస్తకంలో ఈ సాహిత్యానికి 'న్యూ బ్రిటన్' అనే బాణీని కట్టాడు. అన్నమయ్య రేకులలో రాగం పేర్లు ఉన్నా స్వరాలు లేకపోతే రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి వారు ఇరవయ్యవ శతాబ్దిలో స్వరపరచినట్లన్నమాట. సాహిత్యం ఒకరిది, ధాతువు వేరొకరిది. మధ్య సముద్రమూ అరవై ఏళ్ళూ.

ఆ పాట రాసిన దాదాపు రెండు వందల ఏళ్ళకు, బానిసల సంతతికి చెందిన స్త్రీ దానిని అందుకుంది. దాదాపు పదకొండు నిమిషాలు పాడింది. తాళం లేదు. ఒక్కొక్క అక్షరాన్ని పట్టుకుని సాగదీసి, విరిచి, మళ్ళీ మొదటికి తెచ్చి, ఎదురు చూస్తున్న చోట ఆగక, ఆగదనుకున్న చోట ఆగి పాడింది. మన గాయకులు నెరవల్‌లో చేసేది ఇదే గదా! భేదమల్లా, ఇక్కడ సభ ఊరుకోదు. ప్రతి విరుపుకూ కేక వేస్తుంది, చప్పట్లు కొడుతుంది, మరొకమారు పాడమని పాటనే ముందుకు తోస్తుంది. రికార్డులో ఆ కేకలన్నీ ఉన్నాయి. స్టూడియోలో పాడివుంటే ఇది సగం పాటే అయ్యేది. బృందగానం నడిపించిన రెవరెండు జేమ్స్ క్లీవ్‌లాండ్, చిన్ననాట అరీతాకు సంగీతంలో దారి చూపినవాడు, ఆ పాట జరుగుతూండగానే కన్నీరు ఆపుకోలేకపోయాడు.

అదే ఆల్బములో ఆమె చేసిన మరొక పని పండితుల కంటబడదగినది. కెరొల్ కింగ్ రాసిన లౌకికమైన స్నేహగీతాన్ని తీసుకుని థామస్ డార్సీ రాసిన ప్రార్థనతో ముడివేసింది. ఈ డార్సీ కూడ మొదట బ్లూస్ పాటలకు పియానో వాయించినవాడే. 1932లో భార్య ప్రసవంలో చనిపోయి, ఆ వెంటనే పసికందు కూడ పోతే, ఆ దుఃఖంలో ఆ ప్రార్థనాగీతం పుట్టింది. ఆయన పాటలను సారా దుకాణపు బాణీలని మొదట్లో చర్చిలు దగ్గరికి రానీయలేదు. నలభై ఏళ్ళకు అవే చర్చి సొత్తు అయినాయి.

రెండు రాత్రులనూ సినిమాగా కూడ తీశారు. దర్శకుడు సిడ్నీ పొలాక్. ఆశ్చర్యమేమంటే, షాట్లకు క్లాప్ కొట్టలేదు. దానితో బొమ్మకూ ధ్వనికీ జత కుదర్చడం అసాధ్యమై ఆ రీళ్ళు మూలపడ్డాయి. పొలాక్ 2008లో పోయారు. తరువాత కంప్యూటర్ల సాయంతో జత కుదిరింది గాని, ప్రదర్శన వద్దని అరీతాయే కోర్టుకెక్కింది. ఆమె 2018 ఆగస్టు 16న కన్నుమూసిన తరువాత, నవంబరులో, కుటుంబం సమ్మతితో తొలి ప్రదర్శన జరిగింది. నలభై ఆరేళ్ళు! తిరుమల ఆలయపు అరలో నాలుగు శతాబ్దాలకు పైగా ఉండిపోయి 1922లో బయటపడిన అన్నమయ్య రాగిరేకులతో పోలిస్తే ఇది ఏపాటి అనవచ్చు. నిజమే. కాని ఆ సినిమాలో ఒక్క దృశ్యం కోసం నేను ఇంకా నలభై ఏళ్ళయినా వేచి ఉండేవాణ్ణి. ఆమె పియానో వాయిస్తూ పాడుతూ ఉంటుంది, ముఖం నిండా చెమట. ముందు వరుసలో కూర్చున్న తండ్రి లేచి వచ్చి, చేతిరుమాలుతో ఆ ముఖం తుడుస్తాడు. పాట ఆగదు.

ఇది నల్లవారి చర్చి సంగతి. తెల్లవారిలో కథ వేరుగా నడిచింది. కాలిఫోర్నియాలో హిప్పీ యువకులు గుంపులుగా క్రైస్తవంలోకి రావడం, 1971 జూన్‌లో టైమ్ పత్రిక దానిని ముఖచిత్ర కథగా వేయడం, కోస్టా మేసాలోని కాల్వరీ చాపెల్‌లో పాస్టర్ చక్ స్మిత్ ఈ జులపాల కుర్రాళ్ళను గిటార్లతో సహా లోపలికి రానివ్వడం – ఇవి చాలామంది రాసిన విషయాలే. వీరి పాటకు 'జీసస్ మ్యూజిక్' అని పేరు. వీరిలో ల్యారీ నార్మన్ ముఖ్యుడు. 1972 నాటి 'ఓన్లీ విజిటింగ్ దిస్ ప్లానెట్' ఆల్బమును లండనులో జార్జి మార్టిన్ వారి ఎయిర్ స్టూడియోలో రికార్డు చేశాడు. మంచి సంగీతమంతా సైతానుకే ఎందుకు వదలాలి అన్న వాదాన్ని అందులో పాటగా కట్టాడు. క్రైస్తవ పుస్తకాల దుకాణాలు అతని రికార్డులను అమ్మడానికే జంకేవి. అమెరికా జాతీయ గ్రంథాలయం 2014లో ఆ ఆల్బమును భద్రపరచవలసిన రికార్డింగుల జాబితాలో చేర్చింది. వాదం నాకు నచ్చింది. చౌదరిగారు కర్ణాటక రాగాలతో చేసినది ఆ పనే, ఏ వాదమూ చేయకుండా. నార్మన్ గొంతు మాత్రం నన్ను కదిలించలేదు. దేవుడితో కన్న దుకాణదారుతో ఎక్కువ మాట్లాడుతున్నట్టుంటుంది.

బాబ్ డిలన్ 'స్లో ట్రైన్ కమింగ్' 1979 ఆగస్టులో వచ్చింది. యూదు కుటుంబంలో పుట్టిన మహాకవి – 2016లో నోబెల్ పొందినవాడు గనుక ఆ మాట అనడానికి ఇప్పుడు ఎవరూ కోపగించరు – అకస్మాత్తుగా క్రైస్తవుడై, అలబామాలోని మజిల్ షోల్స్‌కు వెళ్ళి రికార్డు చేసిన ఆల్బము. నిర్మాతలలో ఒకడు జెర్రీ వెక్స్‌లర్. ఏడేళ్ళ కిందట అరీతా ఆల్బముకు పనిచేసినది కూడ ఈయనే. డిలన్ ఆయనకు బైబిలు వినిపించబోతే, తాను అరవై దాటిన యూదు నాస్తికుణ్ణనీ, సంగీతం సంగతి చూద్దామనీ చెప్పాడట. ఈ దశకపు రెండు గొప్ప క్రైస్తవ ఆల్బముల వెనుక ఒక నాస్తికుడు ఉండడం నాకు అమితంగా నచ్చిన విషయం. మార్క్ నాఫ్లర్ గిటారు వాదన అద్భుతం. సాహిత్యంలో మాత్రం వేలు చూపి బెదిరించడం ఎక్కువ, కన్నీరు తక్కువ. అయినా ఆయన ధైర్యాన్ని మెచ్చాలి. ఆ నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో వార్‌ఫీల్డ్ థియేటరులో పద్నాలుగు కచేరీలు చేసి, జనం పాత పాటలు అడిగినా, గేలి చేసినా, ఒక్కటీ పాడలేదు. టిక్కెట్టు కొన్నవాడి కోసం పాడటం లేదని అంతకన్న స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

అంతకన్న స్పష్టంగా చెప్పినవాడు ఒకడున్నాడు. కీత్ గ్రీన్. పియానో ముందు కూర్చుని కొట్టినట్టు వాయించే యువకుడు. 1977లో స్పారో కంపెనీ వేసిన అతని తొలి ఆల్బము బాగా అమ్ముడుపోయింది. కొన్నాళ్ళకు అతనికి ఒక సందేహం పట్టుకుంది. దేవుడి మాటను పాటగా కట్టి, దానికి వెల పెట్టి, ఇవ్వలేనివాడికి లేదు పొమ్మనడం న్యాయమా? కంపెనీ వారితో మాట్లాడి ఒప్పందం నుండి విడుదల పొందాడు. ఇల్లు తాకట్టు పెట్టి తదుపరి ఆల్బమును సొంతంగా తీశాడు. 1980లో వచ్చిన ఆ ఆల్బము పేరు 'సో యు వాన్నా గో బ్యాక్ టు ఈజిప్ట్'. అందులో ఒక పాటకు డిలన్ హార్మోనికా వాయించాడు. వెల ఎంతంటే – మీరు ఇవ్వగలిగినంత. ఏమీ ఇవ్వలేకపోతే ఊరికే.

రాజు పంపిన కానుకలను కాదన్న త్యాగయ్యగారి కథ మనకు కొత్త కాదు. కాని ఉంఛవృత్తి చేసే గాయకుడు ధనం వద్దనడం వేరు, కార్ఖానాలో రికార్డులు అచ్చువేయించి, కవరుకు, తపాలాకు ఖర్చు పెట్టి, అప్పు నెత్తిన ఉండగా వెల వద్దనడం వేరు. రెండవది ఎంత కష్టమో సొంత ఖర్చుతో పద్యకావ్యం అచ్చువేయించిన తెలుగు కవులకు బాగా తెలుసు. 1982 మే నాటికి గ్రీన్ రెండు లక్షలకు పైగా ప్రతులు పంపాడు. వాటిలో 61 వేలు పూర్తిగా ఉచితం. లెక్క వేస్తే, అటూ ఇటూగా పదిమందిలో ముగ్గురు ఏమీ ఇవ్వలేదు. ఏడుగురు ఎంతో కొంత ఇచ్చారు. మనుషుల గురించి నాకు ఇది మంచి వార్తగానే తోచింది.

ఆ తరువాత రెండు నెలలు గడిచాయో లేదో, జులై 28న, టెక్సాసులోని లిండేల్ దగ్గర చిన్న విమానం కూలిపోయి గ్రీన్ చనిపోయాడు. అందులో ఉన్న పన్నెండుమందీ పోయారు; అతని ఇద్దరు పసిబిడ్డలు వారిలో ఉన్నారు. పరిమితికి మించిన బరువుతో విమానం ఎగరడమే కారణమని తేలింది. అతనికి ఇరవై ఎనిమిదేళ్ళు.

సంగీతంగా చూస్తే ఆ ఆల్బము అరీతాకు సాటి రాదు. సాటి రావలసిన పనీ లేదు. పేరు చూసి అది గంభీరమైన వేదాంతమనుకునేరు. మొదటి పాట నవ్వు పుట్టిస్తుంది. ఐగుప్తు దాస్యం నుండి విడిపించి ఎడారిలో దేవుడు ఆకాశం నుండి మన్నా కురిపిస్తే, ఇశ్రాయేలీయులు రోజూ ఇదేనా అని సణిగి, ఆ మన్నాతోనే రకరకాల వంటలు చేసుకోవడం అందులోని హాస్యం. మధ్యాహ్న భోజనం పంక్తిలో పళ్ళేలు పట్టుకుని ఇవాళా సాంబారేనా మాస్టారూ అని అడిగే ఏడవ తరగతి పిల్లలను ఏళ్ళ తరబడి చూసినవాణ్ణి గనుక, నేను దానిని ఒకటికి నాలుగుసార్లు విన్నాను.