పని చేతిలో, అర్హత కాగితంలో
హైదరాబాదు నుండి పరదేశాలకు పోయిన పనివారి చరిత్ర

బతుకుతెరువు కోసం మనిషి ఊరు విడిచి పోవడం కొత్త సంగతి కాదు. మన ప్రవక్త ముహమ్మద్ (స) వారు కూడా వర్తక బిడారులతో షామ్ దేశానికి ప్రయాణం చేసినవారే. ఆ రోజులలో బాటసారికి ఒంటె, నీటి తిత్తి, నలుగురిలో మంచి పేరు ఉంటే చాలు. ఈ రోజులలో అవి చాలవు. పాస్‌పోర్టు కావాలి, వీసా కావాలి, ఆ వీసాకు తగిన అర్హత కావాలి, ఆ అర్హతను రుజువు చేసే కాగితం కావాలి.

మన గాంధీనగర్, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతాల ముస్లిం కుటుంబాలలో అన్నో, తమ్ముడో, అల్లుడో పరదేశంలో లేని ఇల్లు వెతికితే గాని దొరకదు. అయినా ఈ ‘అర్హత’ అనేది ఎక్కడ పుట్టింది, ఎన్నిసార్లు రూపు మార్చుకున్నది అని మనలో చాలామంది ఆలోచించరు. వీసా వచ్చిందా, రాలేదా అన్నదొక్కటే చూస్తాం. గావున ఆ చరిత్రను క్లుప్తంగా సొసైటీ సభ్యుల ముందు, ముఖ్యంగా ఎదిగే పిల్లలున్న తల్లిదండ్రుల ముందు పెట్టాలని మా ఉద్దేశం.

మన ఊరే పరదేశమైన కాలం

మనం అరబ్బు దేశాలకు పోకముందు అరబ్బులే మన దగ్గరికి వచ్చారు. యెమెన్ ప్రాంతంలోని హద్రమౌత్ నుండి ఎందరో నిజాం రాజ్యానికి వచ్చి సైన్యంలో కొలువు చేశారు. బార్కస్‌కు ఆ పేరు ‘బ్యారక్స్’ అనే మాట నుండే వచ్చింది. వారి అర్హత ధైర్యం, ఆయుధం పట్టే నేర్పు. వారికి వీసా ఏమిటంటే తమవాడైన జమాదారు మాట. అటువంటి జమాదారులలో ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ అనే ఆయన ఇక్కడ సంపాదించిన ధనంతో, పలుకుబడితో తన దేశంలో ఒక రాజవంశాన్నే నిలబెట్టాడు. ఆ ఖుఐతీ సుల్తానుల పాలన 1967 వరకు సాగింది. మనవాళ్ళు గల్ఫ్ సొమ్ముతో ఇల్లు కట్టుకుంటే, ఆయన హైదరాబాదు సొమ్ముతో రాజ్యం కట్టుకున్నాడన్న మాట!

తరువాత సాలార్‌జంగ్ కాలంలో పరిపాలన మార్పులు వచ్చి, చదువుకున్న ఉద్యోగులను ఉత్తర హిందూస్థానం నుండి రప్పించారు. ఇక్కడివారికి అది నచ్చలేదు. ముల్కీ, గైర్ ముల్కీ తగాదా అట్లా ముదిరింది. 1919 ఫర్మానా ప్రకారం సర్కారు కొలువుకు ముల్కీ అయి ఉండాలి. బయటివాడు ముల్కీ కావాలంటే కనీసం 15 సంవత్సరాలు ఇక్కడ కాపురముండి, తిరిగి తన ఊరికి పోయే ఉద్దేశం లేదని ప్రమాణపత్రం ఇవ్వాలి. అనగా “నీవెవరు, నీ అర్హత ఏమిటి, కాగితం చూపు” అని మన ఊరు కూడా ఇతరులను అడిగినదే.

1948 పోలీసు చర్య తరువాత అరబ్బులలో అనేకులను ఓడలెక్కించి పంపివేశారు. తాతల కాలం నుండి ఉన్న కుటుంబాలకు కూడా తాము ఏ దేశ ప్రజలమో రుజువు చేసుకోవలసిన అవస్థ పట్టింది. కత్తికి విలువ పోయి కాగితానికి విలువ వచ్చిన కాలమది.

నేర్పరి ఎవరు, కూలీ ఎవరు?

బ్రిటిషు ఇండియాలో ఇంకొక కథ నడిచింది. కోస్తా తెలుగు జిల్లాల కూలీలను అగ్రిమెంటు మీద మారిషస్‌కు, నేటాలుకు, ఫిజీకి ఓడల్లో తరలించారు. ఆ అగ్రిమెంటు పద్ధతికి 1917లో అడ్డుకట్ట పడింది. ఆ పిమ్మట 1922లో ఎమిగ్రేషన్ చట్టం వచ్చింది. అందులో పనివారిని రెండుగా విడదీశారు: నేర్పు గల పని చేసేవారు, నేర్పు లేని పని చేసేవారు. చేతిపనివాడు, గుమాస్తా, హోటలు పనివాడు, చివరకు ఇంటి నౌకరు కూడా ఆ చట్టం దృష్టిలో నేర్పు గల పనివారే. కూలిపనికి మాత్రం ప్రభుత్వం అనుమతించిన దేశాలకే పోవాలి.

ఇక్కడ ఒక విశేషం గమనించాలి. 1983లో కొత్త చట్టం వచ్చినప్పుడు అదే ఇంటి నౌకరును, అదే హోటలు పనివాడిని కూలీలతో పాటు రక్షణ అవసరమైన జాబితాలో చేర్చారు. వంటవాడి చేతిలోని గరిటె మారలేదు, ఆ చేతి రుచి మారలేదు. చట్టం గీసిన గీత జరిగింది, అంతే. మనం చెప్పదలచిన ముఖ్య విషయం ఇదే. నేర్పు మనిషిలో ఉంటుంది. అర్హత మాత్రం ఎదుటివాడు రాసుకున్న నిబంధనలో ఉంటుంది. ఈ తేడా తెలియనివాడే నష్టపోతాడు.

డిగ్రీవాళ్ళు పోయిన దారి

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత ముందుగా లాభపడినవారు డిగ్రీ గలవారు. బ్రిటన్ 1962 చట్టంతో కామన్వెల్తు ప్రజలకు వోచర్లు పెట్టింది. చేతిలో ఉద్యోగం ఉన్నవారికి ఏ తరగతి, ప్రత్యేక విద్య గలవారికి బి తరగతి, మిగిలినవారికి సి తరగతి. కొద్ది ఏళ్ళకే సి తరగతిని ఎత్తివేశారు. 1965లో అమెరికా జాతుల కోటా తీసివేసి వృత్తి నిపుణులకు తలుపు తెరిచింది. 1967లో కెనడా చదువుకు, వయసుకు, భాషకు, పనికి మార్కులు వేసే పద్ధతి మొదలుపెట్టింది. ఉస్మానియాలో చదివిన డాక్టర్లు, ఇంజనీర్లు ఈ దారులలో పోయి స్థిరపడ్డారు.

ఆ 1967లోనే మన దేశంలో ఒక గొప్ప మార్పు జరిగింది. అంతకుముందు పాస్‌పోర్టు ఇవ్వడం, ఇవ్వకపోవడం సర్కారు దయ. సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో సుప్రీం కోర్టు, విదేశ ప్రయాణం పౌరుని వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని తీర్పు చెప్పింది. ఆ సంవత్సరమే పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. ఈ తీర్పు పెద్దవాళ్ళ కోసం మాత్రమే కాదు. దాని ఫలం ఆరేడు సంవత్సరాలకు మన బస్తీల మెకానిక్కు కూడా అందింది.

నూనె ధర, మన మొహల్లా

1973 అక్టోబరు యుద్ధం తరువాత కొద్ది నెలలలోనే ముడి చమురు ధర దాదాపు నాలుగింతలైంది. సౌదీలో, కువైట్‌లో, ఎమిరేట్లలో రోడ్లు, రేవులు, ఆస్పత్రులు, కొత్త పట్టణాలు లేవడం మొదలైంది. కట్టడానికి డబ్బుంది, కట్టే చేతులు లేవు. ఆ చేతులు మన దగ్గర ఉన్నాయి.

మన ప్రాంతాన్ని గురించి చెప్పాలంటే, చుట్టూ పని నేర్పే చోట్లే. కవాడిగూడలో 1943లో స్థాపించిన ప్రాగా టూల్స్, దాని దగ్గరే డి.బి.ఆర్. మిల్లు, ఆజమాబాద్‌లో వజీర్ సుల్తాన్ పొగాకు కంపెనీ, ముషీరాబాద్‌లో ఆర్టీసీ వర్క్‌షాపు. వీటి చుట్టూ లేతు మిషన్లు, వెల్డింగు షాపులు, మోటారు షెడ్లు. చదువు మానిన కుర్రవాడిని తండ్రి తీసుకుపోయి ఉస్తాద్‌కు అప్పగించేవాడు. ఆరేళ్ళు తిరిగేసరికి వాడు ఇంజన్ చప్పుడు విని జబ్బు చెప్పేవాడు. కాని వాడి హునర్‌కు సాక్ష్యం ఎవరు? ఉస్తాద్ ఒక్కడే. ఉస్తాద్ మాట బొంబాయి ఏజెంటు ఆఫీసులో చెల్లదు.

అక్కడ ‘ట్రేడ్ టెస్టు’ అనేవారు. వెల్డింగు చేసి చూపించాలి, పైపు బిగించి చూపించాలి. పని వచ్చినవాడు పాసయ్యేవాడు. అయితే పాసైనవాడికి, వీసాలో రాసిన పనికి ఎప్పుడూ పొంతన ఉండేది కాదు. టెస్టు వెల్డరుగా, వీసా లేబరుగా! బంగారం కుదువపెట్టి ఏజెంటుకు కట్టి పోయినవాడు అక్కడ దిగిన తరువాతనే ఆ సంగతి తెలుసుకునేవాడు. దొంగ ఏజెంట్ల గొడవలు ఎక్కువై పార్లమెంటు 1983లో కొత్త ఎమిగ్రేషన్ చట్టం చేసింది. అది ఆ ఏడాది డిసెంబరు 30 నుండి అమలైంది. రిజిస్ట్రేషను లేనిదే ఎవరూ మనుషులను విదేశీ కొలువుకు కుదర్చరాదని, కూలి ఒప్పందాన్ని అధికారి చూసిన తరువాతనే పనివాడు విమానం ఎక్కాలని ఏర్పాటు జరిగింది. ఆ అధికారి పేరే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్. అట్టి కార్యాలయాలలో ఒకటి హైదరాబాదుకు వచ్చింది. నాంపల్లి గృహకల్పలో అది ఉన్న రోజులు మన పెద్దలకు జ్ఞాపకమే.

ముద్ర వెనుక ముచ్చట

ఇంతకూ ఇ.సి.ఆర్. అంటే ఏమిటి? ఎమిగ్రేషన్ క్లియరెన్సు అవసరం అని అర్థం. పాస్‌పోర్టు మీద ఆ ముద్ర ఉన్నవాడు గల్ఫ్ దేశాలతో కలిపి 18 దేశాలకు కొలువు కోసం పోయేటప్పుడు క్లియరెన్సు తీసుకోవాలి. ఆ ముద్ర తప్పడానికి కావలసిన చదువును 2007లో పదో తరగతి పాసుకు తగ్గించారు. గుర్తింపు గల సంస్థ నుండి రెండేళ్ళ వృత్తి డిప్లొమా ఉన్నా, ఆదాయపు పన్ను కట్టేవారైనా, 50 ఏళ్ళు దాటినవారైనా ముద్ర ఉండదు.

మనవారిలో ఈ ముద్రను అవమానంగా చూసేవారున్నారు. అది పొరపాటు. క్లియరెన్సుతో పోయినవాడి ఒప్పందం, జీతం, యజమాని పేరు సర్కారు దగ్గర నమోదవుతాయి. ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. ప్రమాదంలో ప్రాణం పోతే ఆ కుటుంబానికి 10 లక్షల రూపాయలు వస్తాయి. ఆ తతంగం తప్పించుకోవాలని విజిట్ వీసా మీద పోయి అక్కడ పనిలో దిగినవాడికి ఒప్పందమూ లేదు, బీమా లేదు. మన బస్తీలలో ‘ఆజాద్ వీసా’ అని ఒక మాట ఉన్నది. కఫీల్ పేరు కాగితం మీద ఉంటుంది, పని ఎక్కడో చేసుకోవాలి, ఏటేటా కఫీల్‌కు ముడుపు కట్టాలి. పేరుకు ఆజాద్, నిజానికి గులామీ. 2013లో సౌదీలో తనిఖీలు మొదలై కాగితాలు సరిచేసుకోమని గడువు పెట్టినప్పుడు, ముందుగా దిక్కుతోచనివారు ఈ ఆజాద్ వీసావాళ్ళే.

మాకు తెలిసిన ఒక ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు. ఇద్దరూ ఒకే షాపులో ఏసీ పని నేర్చారు. పెద్దవాడు పది పాసై ఐటీఐ చేశాడు. చిన్నవాడు ఎనిమిదిలో బడి మానాడు. నిజం చెప్పాలంటే పనిలో చిన్నవాడిదే పైచేయి. పెద్దవాడు టెక్నీషియన్ వీసా మీద పోయాడు. చిన్నవాడు లేబరు వీసా మీద పోయి అదే ఏసీలు బిగించాడు, జీతం మాత్రం అన్నదాంట్లో సగం. మేడ మీద నుండి పడి కాలు విరిగినప్పుడు కంపెనీవారు “నీవు లేబరువి, ఏసీ దగ్గరికి ఎందుకు పోయావు?” అని ఎదురు ప్రశ్న వేశారు. ఆ కుర్రవాడు ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాడు. వాడికి తక్కువైంది హునర్ కాదు, రెండేళ్ళ బడి.

గీత మళ్ళీ జరుగుతున్నది

ఆ గీత ఇప్పటికీ నిలవలేదు. ప్లంబరు, ఎలక్ట్రీషియన్, వెల్డర్ వంటి వృత్తులకు సౌదీ ప్రభుత్వం మన దేశంలోనే నైపుణ్య పరీక్షలు పెట్టింది. 2025 జనవరి నుండి పని వీసాలకు అర్హతల తనిఖీని ముందే జరపాలన్నది. బ్రిటన్ 2020 డిసెంబరులో స్కిల్డ్ వర్కర్ వీసాకు 70 పాయింట్లు పెట్టింది. 2025 జూలైలో కొత్తవారికి డిగ్రీ స్థాయి పనులకే ఎక్కువగా పరిమితం చేసింది. జమాదారు మాట పోయి ఉస్తాద్ మాట, ఉస్తాద్ మాట పోయి సర్టిఫికెట్టు, ఇప్పుడు సర్టిఫికెట్టుకు కూడా తనిఖీ.

కాబట్టి తల్లిదండ్రులకు మా మనవి. పిల్లవాడిని షాపులో పెట్టండి, తప్పులేదు. కాని పదో తరగతి పాస్ కానిదే బడి మాన్పించకండి. మానేసినవారికి ఓపెన్ స్కూలు దారి ఉన్నది. పని వచ్చినవాడికి గుర్తింపు గల పరీక్ష రాయించండి. మెమోలో, ఆధారులో, పాస్‌పోర్టులో పేరు, పుట్టిన తేదీ ఒక్క తీరుగా ఉండేటట్టు ఇప్పుడే చూసుకోండి. ఏజెంటుకు రిజిస్ట్రేషను ఉన్నదా అని అడగండి. చట్ట ప్రకారం అతడు తీసుకోదగిన రుసుము 30 వేల రూపాయలు, దాని మీద పన్ను మాత్రమే. వీసాలో ఏ పని రాశారో చదివించుకోకుండా డబ్బు కట్టకండి. సర్కారు వారి టామ్‌కామ్ సంస్థ కూడా విదేశీ కొలువులు చూపుతున్నది.

అశోక్‌నగర్‌కు రాష్ట్రం నలుమూలల నుండి పిల్లలు వచ్చి పోటీ పరీక్షలకు చదువుతారు. చిక్కడపల్లి లైబ్రరీలో రాత్రి దాకా దీపాలు వెలుగుతుంటాయి. ఆ వెలుగుకు కూతవేటు దూరంలో ఉండి మన పిల్లలు పది కూడా దాటలేదంటే అది మనందరి బాధ్యత. సభ్యులలో చదువుకున్నవారు వారానికి ఒక సాయంత్రం సొసైటీకి ఇచ్చి ఫారాలు నింపడంలో, ఒప్పందాలు చదివి చెప్పడంలో సాయపడితే, అనేక ఇళ్ళ బంగారం ఇళ్ళలోనే నిలుస్తుంది.

పోయినవారిని అల్లాహ్ క్షేమంగా తిరిగి చేర్చుగాక. పోబోయేవారికి హలాలు సంపాదన, న్యాయమైన యజమానిని ప్రసాదించుగాక. ఆమీన్.