డెఫ్ మీదికెక్కిన @

పైథాన్‌లో క్లాస్‌లు రాసేవాళ్లకు డెఫ్ లైన్ పైన @ గుర్తుతో రెండు మూడు లైన్లు, అంటే మెథడ్‌ను ఇంకో ఫంక్షన్‌తో చుట్టే డెకొరేటర్లు, కనిపించడం ఇవాళ మామూలు సంగతి. 2004 దాకా ఆ చుట్టే పని డెఫ్ పైన కాదు, మెథడ్ కింద జరిగేది. 2001 డిసెంబరులో వచ్చిన పైథాన్ 2.2లో క్లాస్‌మెథడ్, స్టాటిక్‌మెథడ్ చేరాయి గానీ, వాటికంటూ ప్రత్యేకమైన రాత ఏదీ రాలేదు. మెథడ్ మొత్తం రాసేశాక, దాని కింద ‘ఓపెన్ = క్లాస్‌మెథడ్(ఓపెన్)’ అని ఇంకో లైన్ చేర్చాలి. మెథడ్ పొడుగ్గా ఉంటే, అది క్లాస్‌కు చెందిందో ఆబ్జెక్ట్‌కు చెందిందో చివరిదాకా చదివితే గానీ తెలిసేది కాదు.

ఒకే మెథడ్‌కు రెండు డెకొరేటర్లు తగిలించాల్సి వస్తే చిక్కు ఇంకా పెరిగేది. లాక్ తీసుకునే ఫంక్షన్‌తో ఒకసారి, క్లాస్‌మెథడ్‌తో మరోసారి చుట్టాలి. ప్రతిసారీ అదే పేరును ఎడమవైపూ కుడివైపూ రాయాలి. ఎడమవైపు పేరులో ఒక్క అక్షరం తప్పు పడినా పైథాన్ నోరు మెదపదు, మెథడ్ మాత్రం చుట్టకుండానే మిగిలిపోతుంది. 2003 జూన్‌లో మొదలైన పెప్ 318 అనే ప్రతిపాదన ఈ ఇబ్బందినే ముందుకు తెచ్చింది.

అవసరం గురించి పెద్దగా పేచీ లేదు. ఎలా రాయాలన్న దగ్గరే గొడవంతా. ఆర్గ్యుమెంట్ల తర్వాత చదరపు బ్రాకెట్లలో పెడదామని కొందరు, డెఫ్‌కు ముందే ఆ బ్రాకెట్లు పెడదామని కొందరు, ఫంక్షన్ లోపలే రాద్దామని ఇంకొందరు వాదించారు. పైథాన్ సృష్టికర్త గీడో వాన్ రాసమ్ చివరికి @ వైపు మొగ్గాడు. 2004 ఆగస్టులో 2.4 రెండో ఆల్ఫాలో అది కనిపించగానే చాలామందికి నచ్చలేదు. వాళ్లు ‘యూజింగ్’ అనే కొత్త కీవర్డ్ కింద డెకొరేటర్లను వరసగా రాసే పద్ధతిని తయారుచేసి గీడో ముందు పెట్టారు. ఆయన ఒప్పుకోలేదు. అప్పటికి జావా అనోటేషన్లు @తోనే రాబోతున్నాయి. పైగా పైథాన్ కోడ్‌లో ఆ గుర్తుకు అంతకుముందు ఏ అర్థమూ లేదు కాబట్టి, పాత వెర్షన్లు కొత్త కోడ్‌ను ఇంకోలా అర్థం చేసుకునే ప్రమాదమూ లేదు. 2004 నవంబరు 30న పైథాన్ 2.4 విడుదలయ్యే నాటికి @ ఖాయమైపోయింది.

గుర్తు మీద అంత రగడ జరిగింది గానీ, నా దృష్టిలో అసలు బరువైన నిర్ణయం వరుస గురించినది. డెకొరేటర్లు ఒకదాని మీద ఒకటి ఉంటే, డెఫ్‌కు దగ్గరగా ఉన్నదే ముందు చుట్టుకుంటుంది. గణితంలో ఒక ఫంక్షన్ ఫలితాన్ని ఇంకో ఫంక్షన్‌కు అందించే క్రమమే ఇదని పెప్ 318 చెప్పింది. అంటే @ లైన్లలోని విలువలు పైనుంచి కిందికి లెక్కకు వస్తాయి, చుట్టడం కిందనుంచి పైకి సాగుతుంది, తీరా మెథడ్‌ను పిలిచినప్పుడు అన్నిటికన్నా పైన ఉన్నదే ముందు అందుకుంటుంది. ఈ మూడు కదలికలూ మనసులో స్పష్టంగా లేకపోతే అలాంటి మెథడ్‌కు సరైన టెస్ట్ రాయడం కుదరదు.

తేదీ ఇస్తే డాలరు ధర తెచ్చే ఒక మెథడ్ ఉందనుకోండి. దానికి ప్రతి పిలుపునూ రాసిపెట్టే @లాగ్, పాత జవాబులను గుర్తుపెట్టుకునే @ఎల్ఆర్‌యూ_క్యాష్ తగిలించాం. క్యాష్ పైన, లాగ్ కింద ఉంటే, ఒకే తేదీతో రెండుసార్లు పిలిచినా లాగ్‌లో ఒక్క లైనే పడుతుంది. రెండోసారి జవాబు క్యాష్ దగ్గరే దొరికిపోయింది కాబట్టి లాగ్ దాకా పిలుపు రాదు. వాటిని తిరగేస్తే రెండు లైన్లు పడతాయి. ఎర్రర్ రాదు, వచ్చే ధరలోనూ తేడా ఉండదు. ధరను మాత్రమే సరిచూసే టెస్ట్ రెండు వరుసల్నీ పాస్ చేసేస్తుంది. ఒకే ఆబ్జెక్ట్ మీద రెండుసార్లు పిలిచి లాగ్ లైన్లు లెక్కపెట్టే టెస్ట్ ఉంటేనే వరుస మారిన సంగతి బయటపడుతుంది. డెకొరేటర్లను విడివిడిగా ఎంత బాగా పరీక్షించినా, క్లాస్ మీద కలిసి ఉన్నప్పుడు పరీక్షించకపోతే ఆ శ్రమ సగమే అని గట్టిగా చెబుతాను.

క్లాస్‌మెథడ్ సంగతి వేరు. మనం రాసుకున్న మామూలు డెకొరేటర్‌ను దాని పైన పెడితే, చేతికొచ్చేది ఫంక్షన్ కాదు, నేరుగా పిలవడానికి వీల్లేని డిస్క్రిప్టర్. క్లాస్ తయారయ్యేటప్పుడు ఏ ఇబ్బందీ కనిపించదు. మెథడ్‌ను పిలిచినప్పుడే టైప్‌ఎర్రర్ వస్తుంది. అందుకని క్లాస్‌మెథడ్ అన్నిటికన్నా పైన ఉండాలి, అబ్‌స్ట్రాక్ట్‌మెథడ్ అన్నిటికన్నా లోపల ఉండాలి. స్టాటిక్‌మెథడ్‌కూ 2021 దాకా ఇదే బాధ. ఆ ఏడాది వచ్చిన 3.10 నుంచి దాన్ని నేరుగా పిలవొచ్చు.

చుట్టిన ప్రతిసారీ అసలు ఫంక్షన్ పేరు, డాక్‌స్ట్రింగ్ మాయమవడం మొదట్లో ఇంకో తలనొప్పి. 2006లో 2.5తో పాటు వచ్చిన ఫంక్‌టూల్స్.ర్యాప్స్ వాటిని నిలబెట్టింది. 2011లో 3.2 ఇంకో మంచి పని చేసింది: చుట్టిన ఫంక్షన్‌కు __ర్యాప్డ్__ అనే దారి పెట్టి, లోపలిదాన్ని అందుబాటులో ఉంచింది. ఆ దారిన ఒక్కో పొరా దాటుకుంటూ పోతే డెకొరేటర్ల ప్రమేయం లేకుండా మెథడ్ ఒక్కదాన్నే పరీక్షించవచ్చు. అప్పుడు సెల్ఫ్‌ను మాత్రం మనమే చేత్తో అందించాలి. ర్యాప్స్ లేకుండా డెకొరేటర్ రాయడం తర్వాత టెస్ట్ రాసేవాళ్లకు తలుపు మూసేయడమే.

టెస్టులకూ డెకొరేటర్లే వచ్చాయి. టెస్టుల్లో అసలువాటి బదులు మాక్‌లనే నకిలీ ఆబ్జెక్టులు పెట్టేందుకు మైకేల్ ఫూర్డ్ రాసిన మాక్ లైబ్రరీ 2012లో 3.3తో పైథాన్‌లోనే భాగమైంది. అందులోని @ప్యాచ్‌లను ఒకదాని మీద ఒకటి పెడితే, అన్నిటికన్నా కింద ఉన్న దాని మాక్ మొదటి ఆర్గ్యుమెంట్‌గా వస్తుంది. చదివే వరుసకు ఇది ఎదురు. పేర్లు తారుమారైనా మాక్‌లు ఏ పిలుపునైనా స్వీకరిస్తాయి కాబట్టి తప్పు అక్కడికక్కడే దొరకదు.

కలపాలనుకున్నవన్నీ కలవవు కూడా. 2020లో 3.9 క్లాస్‌మెథడ్ కింద ప్రాపర్టీ పెట్టుకోనిచ్చింది. అందులో చిక్కులు బయటపడటంతో 3.11లో వాడొద్దన్నారు, 2024లో వచ్చిన 3.13లో తీసేశారు. క్లాస్ స్థాయిలో ప్రాపర్టీ కావాలనుకునేవాళ్లు మళ్లీ సొంత డిస్క్రిప్టర్ రాసుకుంటున్నారు.