బాడుగ ఆపేస్తామన్న తమ్ముళ్ళ కోసం ఒక చెరువుల కథ



హాస్టల్లో సీటు దొరక్క కదిరిలో గది తీసుకున్న మన తమ్ముళ్ళు నలుగురు మొన్న మా దగ్గరికి వచ్చినారు. మిద్దె ఉరస్తా ఉంది, పుస్తకాలు తడిసిపోతా ఉన్నాయి, ఓనరుకు ఎన్నిసార్లు చెప్పినా పట్టించుకోలేదు, ఈ నెల బాడుగ ఆపేస్తాం అన్నారు. న్యాయమే అనిపించింది. కానీ చదివిందంతా కూడదీసుకుని చూస్తే మాకు కొంచెం భయం వేసింది.

కదిరి తాలూకా 1910 దాకా కడప జిల్లాలో ఉండేది. ఈ పక్క ఊర్లలో దశబంధం మాన్యాలు అని ఉండేవి. చెరువు కట్టించినోళ్ళకో, బాగు చేయించినోళ్ళకో ఆ మాన్యం ఇచ్చేవాళ్ళు. కొన్నిచోట్ల విడిగా భూమి ఇస్తారు, దాన్ని ఖండం అంటారు. కొన్నిచోట్ల ఆయకట్టు రాబడిలో వాటా, అది షామిలాత్. షరతు మాత్రం ఒకటే: కట్టను, తూమును మంచిగా చూసుకోవాల. అంటే అనుభవించే హక్కు, మరమ్మతు చేసే బాధ్యత ఒకే ముడిలో ఉన్నాయి. (మట్టి తవ్వి మోసిన ఒడ్డెర్లకు దక్కింది కూలే. అది ఇంకో పోస్టు రాయాల్సిన సంగతి.)

1800లో ఈ సీమ కంపెనీ చేతికి పోయింది. మన్రో కలెక్టరుగా వచ్చి రైతు దగ్గర నేరుగా శిస్తు వసూలు చేసినాడు. అప్పటినుంచి పెద్ద భూస్వామి సర్కారే. చిన్న మరమ్మతులు ఊరోళ్ళే చేయాల, దాన్ని కుడిమరామత్తు అనేవాళ్ళు. ఆ పనికి రాకపోతే శిక్ష వేసేదానికి మద్రాసులో 1858లోనే చట్టం తెచ్చినారు. మరి సర్కారు తన వంతు చేయకపోతే? చెరువులో నీళ్ళు లేక మడి ఎండితే రైతు జమాబందీలో వజా అడుక్కోవాల. కోపంతో శిస్తు కట్టకపోతే 1864 వసూలు చట్టం ఉండనే ఉంది, సామాను, భూమి రెండూ జప్తు. పని ఎగ్గొట్టిన కూలీకి శిక్ష, పని ఎగ్గొట్టిన సర్కారుకు ఏమీ లేదు. మాకు ఇక్కడే కడుపు మండింది.

ఇండ్ల బాడుగ సంగతి వేరే చట్టంలో ఉంది. 1882 ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లో అద్దెకున్నోళ్ళకు ఒక దారి పెట్టినారు. ఓనరు చేయాల్సిన మరమ్మతు గురించి నోటీసు ఇచ్చి, తగినంత టైమ్ ఇచ్చినా చేయకపోతే, మనమే చేయించుకుని ఆ ఖర్చు వడ్డీతో సహా బాడుగలో పట్టుకోవచ్చు. ఒప్పందంలో వేరేగా రాసుకుని ఉంటే మాత్రం ఇది చెల్లదు. ఊరికే బాడుగ ఆపేయమని అందులో ఎక్కడా లేదు. పైగా 1960లో మన రాష్ట్రంలో వచ్చిన అద్దె చట్టంలో, బాడుగ బాకీ పడటమే ఖాళీ చేయించేదానికి మొదటి కారణంగా ఉండేది. బాడుగ ఆపితే ఓనరు తప్పు పక్కకు పోయి మన తప్పు ముందుకొస్తుంది. పరీక్షల ముందర సామాన్లు రోడ్డు మీద పడితే ఆ నలుగురూ తాండాకు తిరిగి పోవాల్సిందే, మళ్ళీ కాలేజీకి వస్తారో రారో.

అందుకే నిన్న రాత్రి కూర్చుని ఓనరుకు ఉత్తరం రాసినాం. పదిహేను రోజులు గడువు పెట్టి, ఉరిసే మిద్దె ఫోటోలు జత చేసినాం. మేస్త్రీ వచ్చి చూసి ఖర్చు ఎంతవుతుందో కాగితం మీద రాసిచ్చినాడు. ఈ నెల బాడుగ మాత్రం కట్టేసినారు, రసీదు తీసుకున్నారు. ఉత్తరం ఈ పొద్దు పోస్టులో పోయింది.