రుబ్బురోలు దగ్గర ఆగిన సినిమా

పోయినేడు వేసవిలో అమ్మ న్యూజెర్సీలో మా ఇంటికి వచ్చింది. జూన్ 30, ఆదివారం. రాత్రి భోజనాలయ్యాక 'గుండమ్మ కథ' పెట్టాను. నెలనెలా డబ్బులు కట్టే ఒక సర్వీసులో దొరికింది, ప్రింటు కూడా బాగుంది. ఆ సినిమా 1962లో వచ్చినప్పుడు అమ్మకి పదిహేడేళ్లు. తెనాలిలో పిన్నితో కలిసి మూడుసార్లు చూసిందట. మూడోసారి తాతయ్యకి తెలియకుండా. ఎన్టీఆర్ రుబ్బురోలు ముందు కూర్చుని పిండి రుబ్బే చోటికి వచ్చేసరికి ఆవిడకి కునుకు పట్టింది. "మిగతాది రేపు చూద్దాంలేరా" అంది.

ఆ రేపు ఒకటో తారీఖు. సాయంత్రం టీవీ పెడితే సినిమా లేదు. పేరు కొట్టి వెతికితే దానికి బదులు ఇంకేవో నాలుగు బొమ్మలు చూపించింది.

"అదేవిట్రా, డబ్బులు కడుతున్నావుగా! ఎవరు పట్టుకుపోయారు?"

ఒప్పందం గడువు అయిపోయి ఉంటుందమ్మా అన్నాను. ఆవిడకి అది జవాబులా అనిపించలేదు. పాతికేళ్లుగా ఇలాంటి చందాలు కడుతున్న నాకూ అనిపించలేదు. ఆ తర్వాత కొన్ని వారాలు కూర్చుని ఈ వ్యాపారం చరిత్ర చదివాను. ఈ వ్యాసం అమ్మకి ఆలస్యంగా చెబుతున్న జవాబు.

నేను ఈ దేశం వచ్చింది 1996లో. అప్పట్లో తెలుగు సినిమా అంటే ఎడిసన్ ఓక్ ట్రీ రోడ్డులో, బియ్యం బస్తాల వెనక అరలో ఉండే వీడియో క్యాసెట్టు. అట్ట మీద బాల్ పెన్నుతో రాసిన పేరు. కాపీకి కాపీ తీసిన ప్రింటులో హీరో ముఖం పోల్చుకోవడమే గగనం. వాటిలో చాలావాటికి నిర్మాత అనుమతి ఉండి ఉండదని ఇప్పుడు ఒప్పుకోవాలి. కానీ అదే రోడ్డులో ఇంగ్లీషు సినిమాల క్యాసెట్లు అద్దెకిచ్చే పెద్ద కొట్టు మాత్రం పూర్తిగా చట్టబద్ధం. అలా ఇవ్వడానికి దానికి ఏ హాలీవుడ్ కంపెనీ అనుమతీ అక్కర్లేదు. నాకు ఈ సంగతి మొన్నమొన్నటిదాకా తెలియదు.

దాని మూలం 1908లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు. బాబ్స్ మెరిల్ అనే ప్రచురణ సంస్థ 'ది కాస్టవే' అనే నవల వేసి, దీన్ని డాలరు కంటే తక్కువకి అమ్మరాదని లోపలే అచ్చేసింది. న్యూయార్కులో మేసీస్ దుకాణం నడిపే స్ట్రాస్ సోదరులు దాన్ని 89 సెంట్లకి అమ్మారు. ప్రచురణకర్త కోర్టుకెక్కాడు, ఓడిపోయాడు. ప్రతిని ఒకసారి అమ్మేశాక దాని మీద మీ పెత్తనం చెల్లదు, కొన్నవాడు దాన్ని ఎంతకైనా అమ్ముకోవచ్చు అంది కోర్టు. ఆ మరుసటి ఏడాది ఈ సూత్రం చట్టంలోకి ఎక్కింది. పాత పుస్తకాల కొట్లూ, గ్రంథాలయాలూ నిశ్చింతగా బతుకుతున్నది దీని నీడలోనే. 1980లలో క్యాసెట్ల అద్దె వ్యాపారం పెరగ్గానే స్టూడియోలు సినిమాలకి ఈ సూత్రాన్ని ఎత్తేయించాలని వాషింగ్టన్‌లో గట్టిగానే ప్రయత్నించాయి. కుదరలేదు. సంగీతం కంపెనీలకి మాత్రం 1984లో పని జరిగింది. అందుకే అమెరికాలో వీధివీధికీ సినిమాలు అద్దెకిచ్చే కొట్లు వెలిశాయి గానీ పాటల రికార్డులు అద్దెకిచ్చే కొట్లు లేవు.

నెట్‌ఫ్లిక్స్ పుట్టింది ఈ నేల మీదే. 1997లో కాలిఫోర్నియాలో రీడ్ హేస్టింగ్స్, మార్క్ రాండాల్ఫ్ మొదలుపెట్టారు. అద్దె సినిమా ఆలస్యంగా తిరిగిచ్చినందుకు హేస్టింగ్స్ 40 డాలర్లు జరిమానా కట్టాడనీ, ఆ కోపంలో కంపెనీ పెట్టాడనీ ఒక కథ ఉంది. అది అంత నిజం కాదని రాండాల్ఫ్ తన పుస్తకంలో రాశాడు. (కంపెనీలకీ స్థలపురాణాలు కావాలి మరి.) 1998లో డివిడిలు పోస్టులో పంపడం, 1999లో నెలవారీ చందా. 2000లో మమ్మల్ని 5 కోట్ల డాలర్లకి కొనుక్కోండి అని వీళ్లు బ్లాక్‌బస్టర్ గుమ్మం ఎక్కితే, వాళ్లు వద్దన్నారు. పదేళ్ల తర్వాత, 2010 సెప్టెంబరులో, బ్లాక్‌బస్టరే దివాలా తీసింది. ఈ కథ అందరూ చెబుతారు. తక్కువమంది చెప్పేది ఏమిటంటే, ఆ ఎర్ర కవర్ల రోజుల్లో నెట్‌ఫ్లిక్స్ ఎవరినీ అడగకుండానే బజారులో దొరికే ఏ డిస్కునైనా కొని మనకి పంపగలిగేది. స్టూడియోలు కొట్టుకున్నా, విడిపోయినా, మన ఇంటికి వచ్చే పెట్టెలో అన్నీ ఉండేవి. మేము 'లగాన్' చూసింది అలా వచ్చిన డిస్కులోనే.

2007 జనవరిలో ఇంటర్నెట్ ద్వారా సినిమా చూపించడం మొదలైంది. కవరు కోసం ఎదురుచూడక్కర్లేదని అందరం సంబరపడ్డాం. అక్కడే నేల మారిపోయిందని ఎవరికీ తట్టలేదు. తీగ మీద పంపే సినిమాకి 1908 తీర్పు వర్తించదు. అక్కడ కొన్న ప్రతి అంటూ లేదు, ప్రదర్శించడానికి అనుమతి మాత్రమే ఉంది, ఇచ్చినవాడు దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. మొదట్లో ఆ హక్కుల విలువ అమ్మేవాళ్లకే తెలియలేదు. 2008లో స్టార్జ్ అనే కేబుల్ చానల్ తన చేతిలో ఉన్న డిస్నీ, సోనీ సినిమాలతో సహా సుమారు 2,500 శీర్షికలు ఇచ్చేసింది. ఏడాదికి 3 కోట్ల డాలర్లకే అని అప్పటి పత్రికలు రాశాయి. 2010 చివర్లో టైమ్ వార్నర్ అధిపతి జెఫ్ బ్యూక్స్‌ని నెట్‌ఫ్లిక్స్ గురించి అడిగితే, అల్బేనియా సైన్యం ప్రపంచాన్ని జయిస్తుందా అన్న ధోరణిలో తీసిపారేశాడు. ఆ తర్వాతి సెప్టెంబరులో స్టార్జ్ బేరాలు తెంచుకుంది. 2012 ఫిబ్రవరి ఆఖరుకి ఆ సినిమాలన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. మా అమ్మ అడిగిన ప్రశ్న ఆ మార్చిలో అమెరికాలో చాలా ఇళ్లలో వినపడి ఉంటుంది.

అద్దె ఇంట్లో ఉంటూ యజమాని ఎప్పుడు ఖాళీ చేయమంటాడోనని భయపడేవాడు ఏం చేస్తాడు? సొంత ఇల్లు కట్టుకుంటాడు. 2013 ఫిబ్రవరిలో వచ్చిన 'హౌస్ ఆఫ్ కార్డ్స్' ఆ ఇంటికి ముగ్గు. అది చూసి యజమానులు కూడా మనమే ఎందుకు నడుపుకోకూడదు అనుకున్నారు. 2017 ఆగస్టులో డిస్నీ తన సినిమాలు వెనక్కి తీసుకుంటానని ప్రకటించింది. 2019 నవంబరు 12న సొంత సర్వీసు తెరిస్తే మొదటిరోజే కోటి మంది చేరారు. 2021 మార్చిలోపే యాపిల్, హెచ్‌బీవో మాక్స్, పీకాక్, పారమౌంట్ అన్నీ వచ్చేశాయి. మా పిల్లలకి ప్రాణమైన 'ఫ్రెండ్స్' ఒక చోటికీ, 'ది ఆఫీస్' ఇంకో చోటికీ వెళ్లిపోయాయి. వాటి వెనక మా చందాలూ వెళ్లాయి.

తెలుగువాళ్ల సంగతికొస్తే, 2020 ఉగాది రోజు, మార్చి 25న, తెలుగుకే అంకితమైన 'ఆహా' మొదలైంది. భారతదేశంలో లాక్‌డౌన్ మొదలైంది కూడా ఆ రోజే. హాళ్లు మూతపడ్డాయి, ఇంట్లో జనం. ఆ సెప్టెంబరులో నాని సినిమా 'వి' హాలు మొహం చూడకుండానే అమెజాన్‌లో వచ్చింది. మేం ఇక్కడా, అమ్మ అక్కడా ఒకే రోజు చూసి ఫోన్లో మాట్లాడుకున్నాం. క్యాసెట్ల రోజుల్లో అది ఊహకి కూడా అందేది కాదు, ఆ మాట దాచను.

ఈ పోటీలో నాకు ఇప్పటికీ మింగుడుపడని ఘట్టం 'ఆర్ఆర్ఆర్'. 2022 మే 20న అది రెండు చోట్ల వచ్చింది. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం జీ5లో, హిందీ నెట్‌ఫ్లిక్స్‌లో. హక్కులు భాషల వారీగా అమ్ముడయ్యాయి. అమెరికా జనం చేతిలో ఉన్నది నెట్‌ఫ్లిక్స్. దాంతో ఆ సినిమాని నెత్తిన పెట్టుకున్న అమెరికన్లలో ఎంతోమంది అల్లూరి సీతారామరాజూ, కొమురం భీమూ హిందీలో మాట్లాడుకోగా విన్నారు. మా ఆఫీసులో ఒకాయన నన్ను ఆపి "మీ హిందీ సినిమా అద్భుతం" అన్నాడు. అది తెలుగని చెబితే, కాదు, హిందీ అని రాసి ఉంది అని ఫోన్ తీసి చూపించాడు. అతనిది తప్పు కాదు, నిజంగానే అలా రాసి ఉంది. మరుసటి మార్చిలో ఆస్కార్ వేదిక మీద 'నాటు నాటు' తెలుగులో వినిపించినప్పుడు నేను సోఫాలోంచి లేచి నిలబడటానికి ఆ ఫోను కూడా ఒక కారణం.

ఆ 2022లోనే లెక్కలు తిరగబడ్డాయి. మొదటి మూడు నెలల్లో నెట్‌ఫ్లిక్స్ 2 లక్షల మంది చందాదారుల్ని పోగొట్టుకుంది, పదేళ్లకు పైగా జరగనిది. షేరు ఒక్కరోజులో మూడోవంతు పైగా కూలింది. నవంబరులో ప్రకటనల ప్యాకేజీ వచ్చింది. పాస్‌వర్డ్ పంచుకోవడమే ప్రేమ అని 2017లో ట్వీటు పెట్టిన కంపెనీ 2023లో పంచుకుంటే అదనంగా కట్టమంది. హెచ్‌బీవో మాక్స్ ఖర్చులు తగ్గించుకోవడానికి తను తీసిన 'వెస్ట్‌వరల్డ్'నే తన అరలోంచి తీసేసింది. సొంత ఇంట్లో ఉన్నది కూడా శాశ్వతం కాదని అప్పుడు తేలింది. 2024లో డిస్నీ, హులు, మాక్స్ మూడూ కలిపి ఒకే కట్టగా అమ్మడం మొదలెట్టారు. కేబుల్ బిల్లు వదిలించుకోవడానికి ఇల్లంతా తీగలు పీకిన మా ఆవిడ ఆ వార్త చదివి నా వైపు చూసిన చూపు వర్ణించను.

భారతదేశంలో పోటీ ఇంకో రకం. అక్కడ నెట్‌ఫ్లిక్స్ 2021 డిసెంబరులో 499 రూపాయల ప్యాకేజీని 199కి దించింది. 2023లో జియోసినిమా ఐపీఎల్ మొత్తం ఉచితంగా చూపించింది. చివరికి 2025 ఫిబ్రవరి 14న అదీ హాట్‌స్టారూ కలిసి ఒకటైపోయాయి.

ఎర్ర కవర్లు 2023 సెప్టెంబరు 29న ఆగిపోయాయి. పాతికేళ్లలో 500 కోట్లకు పైగా డిస్కులు పంపారట. చివరివాటిని తిరిగివ్వక్కర్లేదు, ఉంచుకోండి అన్నారు. మా ఇంటికి వచ్చిన ఆఖరిది టీవీ కింద సొరుగులో ఉంది. అద్దె కట్టి తెచ్చుకున్నవాటిలో నిజంగా నాదైంది అదొక్కటే.

'గుండమ్మ కథ' సంగతి చెప్పలేదు కదూ. ఆ రాత్రే యూట్యూబ్‌లో దొరికింది, పైసా ఖర్చు లేకుండా. ప్రింటు కాస్త మసక, మధ్యమధ్యలో కారు ఇన్సూరెన్స్ ప్రకటనలు. జరిపి జరిపి రుబ్బురోలు దగ్గరికి తెచ్చి పెట్టాను. పదకొండయ్యాక, రేపు చూద్దామా అమ్మా అని అడిగాను.

"వద్దు. ఇది కూడా ఎవరైనా పట్టుకుపోతారు. అయ్యాకే పడుకుందాం" అంది.