ఉక్కు తీగలో దాగిన మారుమోత

జాముల్ పరిసరాల్లో ఉక్కు అనగానే మీకు భిలాయి రైలు పట్టాలే గుర్తుకొస్తాయి. ఆ ఉక్కు పాటను కూడా గుర్తుంచుకోగలదంటే నమ్ముతారా?

1898లో డెన్మార్క్ ఇంజనీరు వాల్డెమార్ పౌల్సెన్ ఆ పని చేసి చూపాడు. మైక్రోఫోన్ నుంచి వచ్చే విద్యుత్తును చిన్న విద్యుదయస్కాంతంలోకి పంపి, దాన్ని ఉక్కు తీగ వెంబడి నడిపాడు. ధ్వని హెచ్చుతగ్గులను బట్టి తీగకు అయస్కాంతత్వం వచ్చింది.

సుమారు అర్ధ శతాబ్దం తర్వాత ఇటలీలోని మిలాన్‌లో బిన్సన్ కంపెనీ ఇదే సూత్రంతో గిటారుకు మారుమోత కల్పించే 'ఎకోరెక్' యంత్రాన్ని తయారుచేసింది. తిరిగే చక్రం అంచున సన్నని ఉక్కు తీగ చుట్టి ఉంటుంది. ఒక హెడ్ స్వరాన్ని తీగపై రాస్తే, వరుసగా ఉన్న నాలుగు హెడ్‌లు దాన్ని కాస్త ఆలస్యంగా చదువుతాయి. చివరి హెడ్ దగ్గర ఆలస్యం సుమారు 0.3 సెకను. పింక్ ఫ్లాయిడ్ బృందం 1970 ప్రాంతంలో వాడింది దీన్నే.

నేటి డిజిటల్ పెడల్‌లో చక్రం లేదు. ఉదాహరణకు, ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిస్తే 0.3 సెకనుకు 13,230 సంఖ్యలు వస్తాయి. చిప్ వాటిని దాచి, పొల్లుపోకుండా తిరిగి ఇస్తుంది. చిక్కంతా అక్కడే! పాత యంత్రంలో చక్రం వేగం రవ్వంత మారేది, స్వరం వణికేది. మారుమోగిన కొద్దీ కీచుదనం తగ్గి ధ్వని మెత్తబడేది. ఇంజనీర్లు వదిలించుకోవాలని తంటాలుపడ్డ లోపాలే ఇవి. పాత ధ్వని కావాలంటే ఇప్పుడు వాటినే లెక్కకట్టి కలపాలి.

మీకు డిలే పెడల్ దొరికితే ఆలస్యం 300 మిల్లీసెకన్లకు పెట్టి, టోన్ తగ్గించి, మాడ్యులేషన్ కొద్దిగా పెంచి వినండి. నాలుగు హెడ్‌లు కలిసి పలికే లయ మాత్రం ఒకే ఆలస్యం ఇచ్చే పెడల్‌కు రాదు. దానికి మల్టీట్యాప్ రకం కావాలి.