దేశవాళీ క్రికెట్‌కు ప్రేక్షకాదరణ: బొగ్గుగని ప్రాంత నేపథ్యం

రంజీ ట్రోఫీ 1934-35లో ప్రారంభమైనది. హైదరాబాద్ జట్టు 1937-38, 1986-87 సంవత్సరాలలో విజేతగా నిలిచినది. అయినప్పటికీ ఈ పోటీలకు ప్రేక్షకులు పలుచగానే వస్తున్నారు. ఆసక్తి లేదని మాత్రం చెప్పలేము. 2025 జనవరి 30న విరాట్ కోహ్లీ రైల్వేస్‌పై ఆడినపుడు, ప్రవేశం ఉచితమైన ఢిల్లీ స్టేడియానికి వేలాదిమంది తరలివచ్చారు.

మందమర్రికి హైదరాబాద్ సుమారు 250 కిలోమీటర్ల దూరంలో గలదు. రంజీ లీగ్ మ్యాచ్ నాలుగు పగళ్ళు జరుగుతుంది. సింగరేణి గనులు మూడు షిఫ్టులలో నడుస్తాయి. మొదటి షిఫ్టు కార్మికుడు గని దిగివచ్చే వేళకు ఆనాటి ఆట చివరి దశలో ఉంటుంది. రాత్రి షిఫ్టువారికి పగలే నిద్ర. కావున ఇచ్చట ఉచిత ప్రవేశం ఒక్కటే చాలదు. సుమారు మూడున్నర గంటలలో ముగిసే సయ్యద్ ముస్తాక్ అలీ టీ20 వంటి పోటీలు జిల్లాలకు వచ్చినచో, రెండవ షిఫ్టువారు ఉదయం, మొదటి షిఫ్టువారు సాయంత్రం చూడగలరు.